అబిస్కో మంచులో సొంత టెంట్: చలికాలపు ఆర్కిటిక్ క్యాంపింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాక్‌హోమ్, గోతెన్‌బర్గ్, హెల్సింకీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు ఒకటి రెండు చలికాలాలు గడిచేసరికి ఈ కోరిక పుడుతుంది: ఉత్తరానికి వెళ్లి మంచులో టెంట్ వేసుకుని పడుకోవాలని. హైదరాబాద్, విశాఖల నుంచి నేరుగా ప్లాన్ చేసుకునేవాళ్లూ లేకపోలేదు. గాజు ఇగ్లూ హోటల్లో దుప్పటి కప్పుకుని అరోరా చూసే టూర్ కావాలంటే ఈ పేజీతో పనిలేదు. స్వీడన్ ఉత్తరాన అబిస్కో నుంచి నిక్కలూక్తా వరకు కుంగ్స్‌లేడెన్ దారి మీద, తన టెంట్ తానే వేసుకుని, తన మంచు తానే కరిగించుకు తాగే వాళ్ల కోసం రాసింది ఇది.

ఆర్కిటిక్ అంత పెద్దది కదా, అబిస్కోనే ఎందుకు?

ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 200 కి.మీ. పైన ఉన్నా, రైలు దిగి నేరుగా మంచులోకి నడిచిపోగలిగిన చోటు ఇది. స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కితే దాదాపు 18 గంటల్లో అబిస్కోలో దిగుతారు. తొందరైతే కిరునా దాకా విమానం ఉంది. కుంగ్స్‌లేడెన్ మొత్తం దారి దక్షిణాన హెమావాన్ దాకా 400 కి.మీ. పైమాటే గానీ, మనకు కావలసింది ఉత్తరపు ముక్క ఒక్కటే: అబిస్కో నుంచి నిక్కలూక్తాకు సుమారు 105 కి.మీ. దారిలో అబిస్కోయౌరె, అలెస్‌యౌరె, చేక్చా, సేల్కా, సింగి, కెబ్నెకైసె అని వరసగా స్వీడిష్ టూరిస్ట్ అసోసియేషన్ వారి గుడిసెలు, కొండ స్టేషన్ వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ 12 నుంచి 20 కి.మీ. దూరం. టెంట్‌లో పడుకోవాలనుకున్నా సరే, అంత దూరంలో కట్టెల పొయ్యి ఉన్న గది ఉందన్న సంగతి మొదటిసారి వెళ్లేవాళ్లకు చాలా పెద్ద ధైర్యం.

చలికాలపు దారికి స్తంభాల మీద ఎర్రటి ఇంటూ గుర్తులు ఉంటాయి. ఎండాకాలపు నడకదారి వేరు, ఇది వేరు. ఇది చాలాచోట్ల గడ్డకట్టిన చెరువుల మీదుగా పోతుంది. ఫోన్‌లోని మ్యాప్ ఎండాకాలపు దారి చూపిస్తుంటే దాన్ని నమ్మి పక్కకు పోకండి, ఎర్ర గుర్తునే పట్టుకోండి.

ఏ నెలలో వెళ్లాలి?

మార్చి, ఏప్రిల్ మొదటి సగం. అందరూ అడిగేది డిసెంబర్ సెలవుల గురించే. ఆ ఆలోచన మానుకోండి. డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి తొలి రోజుల దాకా అబిస్కోలో సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. చుట్టూ కొండలు కాబట్టి ఎండ నేరుగా ఒంటిమీద పడటానికి ఇంకా ఆలస్యం. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలి వెలుతురు ఉంటుంది, చూడటానికి అద్భుతమే, కానీ ఆ మసకలో టెంట్ వేయడం నేర్చుకోవడం కష్టం. గుడిసెలు కూడా అప్పుడు మూసి ఉంటాయి. ఆపదలో తలదాచుకోవడానికి ఒక చిన్న గది మాత్రం తాళం వేయకుండా వదులుతారు. చలికాలపు సీజన్ కోసం గుడిసెలు తెరిచేది ఫిబ్రవరి చివర్లో గానీ మార్చి మొదట్లో గానీ. మార్చి 20 ప్రాంతంలో పగలు 12 గంటలు దొరుకుతుంది, మంచు గట్టిపడి ఉంటుంది, దారిలో మనుషులూ కనిపిస్తారు.

నిజంగా ఎంత చలి ఉంటుంది?

మార్చిలో పగలు మైనస్ 5, మైనస్ 10 మామూలు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి మైనస్ 20 దిగుతుంది, మైనస్ 30 చూసినా ఆశ్చర్యపడక్కర్లేదు. స్వీడన్ రికార్డు 1966 ఫిబ్రవరి 2న వూగచోల్మేలో నమోదైన మైనస్ 52.6. అలాంటిది మీకు ఎదురవదు గానీ, థర్మామీటర్ అంకె ఒక్కటే చూసి లెక్క వేసుకుంటే మాత్రం మోసపోతారు. మైనస్ 20లో సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 33లా తగులుతుంది. ఆ గాలి ఈ కొండల్లో అరుదేమీ కాదు.

ఇంకో మాట. గాలి లేని మైనస్ 20 కంటే సున్నా చుట్టూ ఊగిసలాడే రోజే ఎక్కువ ఏడిపిస్తుంది. మంచు బట్టల మీద కరిగి, సాయంత్రానికి మళ్లీ గడ్డకడుతుంది. ఈ పేజీలో కింద ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు తిరిగి తిరిగి తడి దగ్గరికే వస్తుంది. బయట నుంచి వచ్చే తడి సగం, మన చెమట, మన ఊపిరి మిగతా సగం.

ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ చలికాలపు ట్రెక్ చేశాను. అది సరిపోతుందా?

మంచులో నడిచిన అలవాటు పనికొస్తుంది. కానీ అక్కడ మీరు క్యాంప్ చేరేసరికి టెంట్ వేసి ఉంటుంది, వేడి వేడి సూప్ చేతికొస్తుంది, గైడ్ వాతావరణం చూసుకుంటాడు. ఇక్కడ అవన్నీ మీ పనే. ఎత్తు సమస్య ఇక్కడ లేదు. దారి మొత్తానికి ఎత్తైన చేక్చా కనుమ సుమారు 1,150 మీటర్లే. ఊపిరాడకపోవడం, తలనొప్పి లాంటివి ఉండవు. వాటి బదులు చెట్టు అడ్డం లేని బయలు, ఆ బయల్లో గాలి. చెట్ల వరస అబిస్కోయౌరె దాటాక అయిపోతుంది. ఆ తర్వాత గాలికి అడ్డు కావాలంటే పారతో మీరే కట్టుకోవాలి.

స్కీయింగ్ రాకపోతే?

నేర్చుకుని రండి, కనీసం చదును నేల మీద. ఈ దారికి కావలసింది కొండ మీంచి జారే స్కీ కాదు. స్టీలు అంచులున్న కొండ టూరింగ్ స్కీలు, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా అడుగున తగిలించే స్కిన్లు చాలు. స్నోషూలతో, అంటే మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పు చట్రాలతో కూడా పోవచ్చు, అయితే రోజుకు 8-10 కి.మీ. మించి ఆశించకండి. సామాను వీపున కాకుండా పుల్కా అనే, మంచు మీద జారే బండిలో నడుముకు కట్టుకుని లాగడం మంచిది. వీపు మీద 25 కిలోలు మోస్తే చెమట పడుతుంది. చెమట పడితే ఏమవుతుందో కింద చదవండి.

ఏమేం బట్టలు కావాలి? యూనిక్లో హీట్‌టెక్ (పల్చటి థర్మల్ లోదుస్తులు) మీద దళసరి జాకెట్ వేసుకుంటే చాలదా?

బస్‌స్టాప్‌లో పది నిమిషాలు నిలబడటానికి చాలు. రోజంతా కదలడానికీ, ఆ తర్వాత కదలకుండా కూర్చోవడానికీ అది సరిపోదు.

ఒంటికి ఆనుకుని ఊలు. మెరీనో ఊలు బనియన్, లాంగ్ జాన్స్. నార్వేవాళ్లు ఇష్టపడే వల లాంటి బనియన్ చూడటానికి నవ్వొచ్చేలా ఉంటుంది గానీ చెమటను చర్మం దగ్గర నిలవనివ్వదు. కాటన్ ఒక్క ముక్క కూడా వద్దు, లోదుస్తులతో సహా. చాలామంది పైనంతా వేలకు వేలు పెట్టి కొని, లోపల ఇంటి నుంచి తెచ్చుకున్న కాటన్ డ్రాయర్‌తో వస్తారు. అది ఒకసారి తడిస్తే ఆ ప్రయాణంలో ఆరదు. ఊలు మీద పల్చటి ఫ్లీస్, దాని మీద గాలి దూరని షెల్ జాకెట్, ప్యాంటు. నడిచేటప్పుడు ఇంతే. బయల్దేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా బయల్దేరారంటే అరగంటలో చెమట్లు కక్కుతారు.

పెద్ద డౌన్ జాకెట్, అంటే పక్షుల మెత్తటి ఈకలు నింపినది, నడకకు కాదు, ఆగినప్పటికి. ఆగీ ఆగగానే, చలి అనిపించక ముందే, షెల్ మీదుగా అది తొడిగేయాలి. అందుకే అది రెండు సైజులు పెద్దది ఉండాలి, సంచిలో అన్నిటికంటే పైన ఉండాలి.

చేతులకు మూడు జతలు. పని చేసుకోవడానికి పల్చటి ఊలు గ్లౌజులు, వాటి మీద మిట్టెన్లు, అంటే బొటనవేలు విడిగా, మిగతా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి, ఇంకో జత మిట్టెన్లు స్పేర్. మిట్టెన్లకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోండి. చిన్నపిల్లల వేషంలా ఉందని మొహమాటపడకండి. గాలిలో ఒక మిట్టెన్ ఎగిరిపోతే అది మీ కంటి ముందే చెరువు అవతలికి పోతుంది, ఆ చేతితో ఇక టెంట్ వేయలేరు.

బూట్లు ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు వేసుకున్నా వేళ్లు లోపల ఆడాలి. బిగుతుగా ఉంటే ఎన్ని సాక్సులు వేసినా కాళ్లు చల్లబడతాయి. సాయంత్రం టెంట్‌లో వేసుకోవడానికి డౌన్ బూటీలు ఉంటే ప్రాణం లేచొస్తుంది. మార్చిలో ఎండ మంచు మీద పడి తిరిగి కంట్లో కొడుతుంది. నల్లకళ్లద్దాలు, గాలికి గాగుల్స్, ముఖానికి సన్‌స్క్రీన్ తప్పనిసరి. కాంటాక్ట్ లెన్సుల డబ్బా రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉండాలి, లేకపోతే ఉదయానికి ఐస్ ముక్క.

మెట్టెలు, ముక్కుపుడక, తాళి తీసేయాలా?

తీసేయడమే మంచిది. లోహం చలిని చర్మానికి నేరుగా అందిస్తుంది. చెవిపోగులు, ముక్కుపుడక ఉన్న చోటే మొదట గడ్డకట్టే ప్రమాదం. మెట్టెలు, ఉంగరాలతో ఇంకో చిక్కు: వేలు వాచితే రావు. తాళి తీయడం ఇష్టం లేనివాళ్లు బిళ్లలను పసుపుతాడుకు కట్టుకుని ఊలు బనియన్ లోపల ఉంచుకోవచ్చు. అక్కడ ఒంటి వేడి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ముఖం, చెవులు, వేళ్ల విషయంలో మాత్రం సెంటిమెంటు పక్కన పెట్టండి. లోహపు ఫ్రేమ్ కళ్లజోడు ఉన్నవాళ్లు ప్లాస్టిక్ ఫ్రేమ్ ఒకటి చేయించుకోండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద మైనస్ 25 అని రాసి ఉంది. సరిపోతుందా?

ఆ మైనస్ 25 ఏ అంకో చూడండి. లేబుల్ మీద మూడుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. దుకాణాల్లో పెద్ద అక్షరాల్లో ఉన్నది చాలాసార్లు ఎక్స్‌ట్రీమ్. దాని అర్థం ఆ చలిలో ప్రాణం నిలవొచ్చు అనే తప్ప నిద్ర పడుతుందని కాదు. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే, అది మైనస్ 20 గానీ అంతకంటే కిందికి గానీ ఉండాలి. చలికి తొందరగా వణికేవాళ్లయితే ఇంకా కిందికి.

బ్యాగ్‌కు పెట్టిన డబ్బులో కొంత కింద పరిచే మ్యాట్‌కు పెట్టండి. రాత్రి వేడి ఎక్కువగా పోయేది నేలలోకే. మీ ఒంటి బరువుకు బ్యాగ్‌లోని డౌన్ నలిగి కింద వైపు పనిచేయదు. మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్ వాల్యూ. మంచు మీద 6 లేదా ఆపైన కావాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. కాబట్టి కింద మడతపెట్టే ఫోమ్ మ్యాట్, పైన గాలి నింపే దళసరి మ్యాట్ వేసుకోండి. గాలి మ్యాట్ పంక్చరైనా ఫోమ్ మిగులుతుంది. గాలి నోటితో ఊదకండి, పంప్ సంచి వాడండి. ఊపిరిలోని తడి లోపలికి పోయి గడ్డకడుతుంది.

పడుకునే ముందు లీటరు బాటిల్‌లో వేడినీళ్లు పోసి, మూత రెండుసార్లు చూసుకుని, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోండి. అది ఉదయం తాగే నీళ్లు కూడా. ముక్కు, నోరు మాత్రం బ్యాగ్ బయటే ఉంచాలి. చలికి తల లోపలికి లాక్కుని పడుకుంటే ఊపిరి తడి అంతా డౌన్‌లోకి పోతుంది. మొదటి రాత్రి తేడా తెలియదు. నాలుగో రాత్రికి బ్యాగ్ సగం దళసరి కూడా ఉండదు. నాలుగు రాత్రులు మించి వెళ్లేవాళ్లు బ్యాగ్ లోపల వేసుకునే గాలి చొరని పల్చటి తొడుగు ఒకటి తీసుకుంటే ఒంటి ఆవిరి డౌన్ దాకా చేరదు. లోపల కాస్త జిడ్డుగా ఉంటుంది, భరించాలి.

ఎలాంటి టెంట్? చలికాలం తప్ప మిగతా కాలాలకు వాడే మామూలు త్రీ సీజన్ టెంట్ పనిచేయదా?

మెష్ లోగుడ్డ ఉన్న టెంట్లలో గాలికి ఎగిరే మంచుపొడి దూరి, ఉదయానికి మీ మీద పరుచుకుని ఉంటుంది. బయటి గుడ్డ నేల దాకా దిగే, సొరంగం ఆకారపు టన్నెల్ టెంట్ కావాలి. స్వీడన్ కంపెనీ హిల్లెబెర్గ్ టెంట్లు ఈ కొండల్లో ఎక్కువగా కనిపించేది అందుకే. ఖరీదు చూస్తే గుండె జారుతుంది, కాబట్టి అద్దెకు తీసుకోండి. ఇద్దరికి ముగ్గురి టెంట్ తీసుకోండి.

వేసే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలోనే వేళ్లు పోతాయి. చోటు చూసుకున్నాక స్కీలు వేసుకునే మంచును తొక్కి చదును చేయండి. తొక్కిన మంచు గట్టిపడటానికి 20 నిమిషాలైనా వదలండి, ఆ లోపు డౌన్ జాకెట్ వేసుకుని ఏదైనా నమలండి. టెంట్ సంచిలోంచి తీయకముందే దాని ఒక కొసను మంచులో నిలువుగా గుచ్చిన స్కీకి కట్టండి. ఆ తర్వాతే విప్పండి. గాలి వచ్చే వైపు ఆ కొస ఉండాలి. మామూలు మేకులు మంచులో నిలవవు. వెడల్పు మేకులు గానీ, స్కీలు, స్కీ కర్రలు గానీ వాడాలి. పోల్స్ కీళ్ల లోపల ఉండే సాగే తాడు చలికి సాగదు. అందుకని ఇంట్లోనే కొన్ని కీళ్లను టేపుతో శాశ్వతంగా అతికించి, పోల్స్‌ను రెండు మూడు పొడవు ముక్కలుగా చేసుకుని, టెంట్ గుడ్డలో దూర్చే ఉంచి పుల్కా మీద పొడుగ్గా కట్టుకోండి. అలా చేస్తే మిట్టెన్లు తీయకుండానే టెంట్ లేచి నిలబడుతుంది. ప్రతి జిప్‌కూ ఒక చిన్న తాడు ముక్క ముడివేయండి, మిట్టెన్‌తో పట్టుకోవడానికి.

టెంట్ లేచాక ముందు గదిలో మోకాలి లోతు గుంత తవ్వండి. చల్లగాలి అందులోకి దిగుతుంది, కాళ్లు వేలాడేసి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, బూట్లు విప్పడం తేలికవుతుంది. పైన గాలి రంధ్రం ఎప్పుడూ మూయొద్దు. ఉదయం లోగుడ్డ మీద మీ ఊపిరే తెల్లటి పొరలా గడ్డకట్టి ఉంటుంది. టెంట్‌ను కదిపితే అంతా మెడలో పడుతుంది. ముందు ఒక చిన్న బ్రష్‌తో దులిపి బయటికి ఊడ్చేయండి.

స్టవ్‌కు గ్యాస్ క్యాన్ తీసుకెళ్లొచ్చా?

ఆశలు పెట్టుకోకండి. మామూలు క్యాన్‌లోని బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. వింటర్ మిక్స్ క్యాన్‌లో కూడా మొదట ప్రొపేన్ అయిపోయి, మిగిలింది మొరాయిస్తుంది. చలికాలంలో నమ్మదగ్గది శుద్ధి చేసిన పెట్రోల్‌తో నడిచే ప్రెజర్ స్టవ్. ఇలాంటి స్టవ్‌లు చేసే ప్రైమస్ కంపెనీ పుట్టింది 1892లో స్టాక్‌హోమ్‌లోనే. మన అమ్మమ్మల కాలంలో పంపు కొట్టి వెలిగించిన కిరోసిన్ స్టవ్‌దీ ఇదే సూత్రం కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే బర్నర్‌ను ముందు వేడి చేయడం ఎలాగో మీకంటే బాగా చెప్తారు.

మంచు కరిగించి తాగాలి కాబట్టి మనిషికి రోజుకు పావు లీటరు ఇంధనం లెక్క వేసుకోండి. గిన్నెలో ఒట్టి మంచు వేసి మంట పెట్టకండి, అడుగు మాడి నీళ్లకు ఆ వాసన పడుతుంది. బాటిల్‌లో మిగిలిన కాసిని నీళ్లు అడుగున పోసి, అవి వేడెక్కాక మంచు కొంచెం కొంచెంగా వేయాలి. తాజా మంచైతే 10 లీటర్ల గిన్నెడు కరిగితే లీటరు నీళ్లు. రాత్రికీ, ఉదయానికీ, దారికీ సరిపడా చేసేసరికి గంట, గంటన్నర పడుతుంది. చేక్చా లాంటి చోట గాలిలో ఇంకా ఎక్కువ.

రెండు ప్రమాదాలు. పెట్రోల్ మైనస్ 25లో కూడా గడ్డకట్టదు, అంతే చల్లగా ద్రవంగానే ఉంటుంది. పోసేటప్పుడు వేళ్ల మీద పడితే ఆవిరవుతూ ఉన్న వేడినంతా లాగేసి క్షణాల్లో ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టే గాయం, తెస్తుంది. గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దు. రెండోది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు గదిలో వండాల్సి వస్తే బయటి తలుపు పైనుంచి సగం తెరిచే ఉండాలి. లోగదిలో మాత్రం వెలిగించొద్దు. ఇంధనం విమానంలో ఎక్కించనివ్వరు. వాడిన స్టవ్‌లో వాసన ఉన్నా ఆపేస్తారు. ఇంధనం కిరునాలోనో అబిస్కోలోనో కొనుక్కోండి.

తిండి సంగతి? మన వంటలు పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి, కొన్ని మార్పులతో. రోజుకు 4,000 కేలరీలకు తగ్గకూడదు, బరువు తక్కువగా ఉండాలి, వేడినీళ్లు పోస్తే తయారవ్వాలి. ఈ మూడింటికీ పల్చటి అటుకులు అద్భుతంగా సరిపోతాయి. ఇంట్లోనే తాలింపు పెట్టి, పల్లీలు, కరివేపాకు, ఎండుమిర్చి వేసి, బాగా ఆరాక పూటకో ప్యాకెట్ కట్టుకోండి. వేడినీళ్లు పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో అటుకుల ఉప్మా. పులిహోర పొడితో ఇన్‌స్టంట్ అన్నం, పెసరపప్పు పొడి చారు ఇలాగే. బొంబాయి రవ్వకు మాత్రం మంట మీద ఉంచి కలపాల్సి వస్తుంది, ఇంధనం తింటుంది.

నెయ్యి ఇక్కడ మందు లాంటిది. గ్రాముకు 9 కేలరీలు. ప్రతి పూటా ఒక చెంచా ఎక్కువే వేసుకోండి. కానీ ఇండియా నుంచి తెచ్చుకోవద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. ఆ లెక్కలోకి నెయ్యీ వస్తుంది. స్టాక్‌హోమ్‌లోని ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది. నాన్‌వెజ్ కావాలనుకునేవాళ్లకు ఉప్పు పట్టించి పొగబెట్టిన రెయిన్‌డీర్ మాంసం అక్కడిదే ఉంది.

చలిలో అన్నీ బండలైపోతాయన్నది మరిచిపోతారు. పల్లీ చిక్కీ కొరికితే పన్ను విరుగుతుంది. సున్నుండ సుత్తితో కొడితే గానీ పగలదు. ఆవకాయ నూనె గడ్డకడుతుంది. ఇంటి ఫ్రిజ్‌లోని డీప్ ఫ్రీజర్ మైనస్ 18 ఉంటుంది. మీరు తీసుకెళ్లాలనుకున్న ప్రతి తినుబండారాన్నీ ఒక రాత్రి అందులో పెట్టి, ఉదయం మిట్టెన్లతో విప్పి తినగలరేమో చూడండి. తినలేనివాటిని ఇంట్లోనే గోరంత ముక్కలు చేసి ప్యాక్ చేసుకోండి. దారిలో భోజనానికి అని ఆగరు, గంటకోసారి జేబులోంచి ఒక పిడికెడు. వేయించిన పల్లీలు, జీడిపప్పు, ఖర్జూరం ముక్కలు, చాక్లెట్ ఆ జేబులో.

అబిస్కోయౌరె, అలెస్‌యౌరె, సేల్కా గుడిసెల్లో చిన్న దుకాణాలుంటాయి, సీజన్‌లో. సేల్కాలో సౌనా (వేడి ఆవిరి స్నానపు గది) కూడా ఉంది. టెంట్ గుడిసె పక్కన వేసుకుని, రుసుము కట్టి అక్కడి వంటగది, ఆరబెట్టుకునే చోటు వాడుకోవచ్చు. ఇదేదో ఓటమి అనుకునేవాళ్లను చూస్తే నాకు విచిత్రంగా ఉంటుంది. మూడు రాత్రుల తర్వాత బ్యాగ్‌నూ సాక్సులనూ పొయ్యి పక్కన పూర్తిగా ఆరబెట్టుకున్నవాడే మిగతా దారి హాయిగా నడుస్తాడు.

రాత్రి టాయిలెట్‌కు?

వెడల్పు మూతి బాటిల్, బ్యాగ్‌లోంచి బయటికి రాకుండా. ఆడవాళ్లకు ఫనెల్స్ దొరుకుతాయి, ఇంట్లో అలవాటు చేసుకుని రండి. తాగే బాటిల్‌కూ దానికీ చీకట్లో చేత్తో తడిమి తేడా తెలిసేలా టేపు చుట్టండి. వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నీళ్లు తాగడం మానేయడం మాత్రం తప్పు. నీళ్లు తగ్గితే వేళ్లకు రక్తం సరిగా అందదు.

మన రంగు చర్మం మీద ఫ్రాస్ట్‌బైట్ ఎలా గుర్తుపట్టాలి?

చాలామంది గైడ్లు తెల్ల మచ్చ కోసం చూడమంటారు. గోధుమ, చామనఛాయ చర్మం మీద అంత తెల్లగా కనపడదు. బూడిద రంగులో, కళ తప్పినట్టు ఉంటుంది, ముట్టుకుంటే మైనంలా గట్టిగా తగులుతుంది. కాబట్టి చూడటంతో ఆగకుండా తాకి చూడాలి. ముక్కు కొస, చెంపలు, చెవి తమ్మెలు, గడ్డం. గాలి రోజున పక్కవాళ్ల ముఖం ప్రతి 15 నిమిషాలకూ చూడటం మీ డ్యూటీ, మీ ముఖం చూడటం వాళ్ల డ్యూటీ. అనుమానం వస్తే వెచ్చటి అరచేయి మీద ఆనించి ఉంచండి. వేళ్లయితే చంకలో, లేదా తోటివాళ్ల పొట్ట మీద. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. అప్పటిదాకా నొప్పెట్టిన వేలు ఉన్నట్టుండి నొప్పి మానేస్తే తగ్గిందనుకోకండి, అది హెచ్చరిక.

మనిషి తడబడుతూ, మాట ముద్దగా, చిన్న పనికి కూడా విసుక్కుంటూ ఉంటే హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, మొదలైనట్టే. అలాంటివాళ్లు "నేను బాగానే ఉన్నాను" అనే అంటారు. వినకండి. అక్కడే ఆగి, గాలి నుంచి దాచి, పొడి బట్టలు, బ్యాగ్, తియ్యటి వేడి టీ.

తుఫాను వస్తే ఏం చేయాలి?

రాకముందే ఆగాలి. 1978 ఫిబ్రవరిలో, ఇక్కడికి చాలా దక్షిణాన యెమ్ట్‌లాండ్‌లోని అనారిస్ కొండల్లో 9 మంది స్కీయర్లు తుఫానులో చిక్కుకుంటే 8 మంది చనిపోయారు. స్వీడన్‌లో కొండ భద్రత గురించి ఎవరు మాట్లాడినా ఆ పేరు రాక తప్పదు. గాలి మీద పడ్డాక గుంత తవ్వడం దాహం వేశాక బావి తవ్వడమే. పార ప్రతి మనిషికీ ఒకటుండాలి, గుంపుకు ఒకటి కాదు. టెంట్ వేయలేనంత గాలి వస్తే అందరూ లోపల దూరి కూర్చునే విండ్‌సాక్ అనే సంచి ప్రాణాలు కాపాడుతుంది. ఇద్దరికి ఒకటి చొప్పున పైనే పెట్టుకోండి.

నార్వేలో 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో 18 మంది చనిపోయాక అక్కడ కొండ నియమాలను ఊరూరా ప్రచారం చేశారు. అందులో అందరికీ నోటికొచ్చింది వెనక్కి తిరగడంలో సిగ్గు లేదన్నది. రోజూ ఉదయం గుడిసె నిర్వాహకుడి దగ్గర వాతావరణ సూచన చూసుకోండి, మీరు ఎటు పోతున్నారో చెప్పండి. హిమపాతం ప్రమాదానికి స్వీడన్ పర్యావరణ సంస్థ చలికాలంలో సూచనలు ఇస్తుంది. అబిస్కో, కెబ్నెకైసె ప్రాంతాలకు విడివిడిగా ఉంటాయి. గుర్తుల దారి విడిచి 30 డిగ్రీలు దాటిన వాలు కిందికి వెళ్లకపోతే మీకు సగం టెన్షన్ తగ్గినట్టే.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా? గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ కొనాలా?

అబిస్కో, నిక్కలూక్తా దగ్గర ఉంటుంది, మధ్యలో చాలా దూరం ఉండదు. కొన్ని గుడిసెల్లో, షెల్టర్లలో అత్యవసర ఫోన్లు ఉన్నాయి. ఎమర్జెన్సీ నంబర్ 112. శాటిలైట్ మెసెంజర్ ఉండాలనే అంటాను, కానీ ఇండియా నుంచి వచ్చేవాళ్లు అక్కడే అద్దెకు తీసుకోండి. అనుమతి లేకుండా శాటిలైట్ పరికరాలు ఇండియాలో ఉంచుకోవడం చట్టవిరుద్ధం, వాటితో మన విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులు ఉన్నారు. ఫోన్, పవర్ బ్యాంక్ పగలు ఛాతీ దగ్గరి జేబులో, రాత్రి బ్యాగ్‌లో. హెడ్‌ల్యాంప్‌లో లిథియం సెల్స్ వేయండి, మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి చేతులెత్తేస్తాయి.

ధ్రువపు ఎలుగుబంట్లు?

స్వీడన్‌లో లేవు. అవి ఉన్నది ఇంకా ఉత్తరాన, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో. అక్కడ టెంట్ అంటే రాత్రి కాపలా, తుపాకీ, అనుమతుల వ్యవహారం, మొదటిసారికి కాదు. ఇక్కడ కనిపించేవి ఈ ప్రాంతపు మూలవాసులైన సామి ప్రజల రెయిన్‌డీర్లు. మార్చి, ఏప్రిల్‌లో ఆడవి కడుపుతో ఉంటాయి. ఫొటో కోసం దగ్గరికి పోతే పరుగు పెడతాయి, ఆ పరుగుకు వాటి శక్తి కరిగిపోతుంది. ఆగి, అవి పోయేదాకా ఉండండి.

అనుమతులు, వీసా, ఇన్సూరెన్స్?

స్వీడన్‌లో ప్రకృతిలో ఎవరైనా ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకునే హక్కు ఉంది, కానీ జాతీయ పార్కులకు సొంత నిబంధనలుంటాయి. 1909లో ఏర్పడిన అబిస్కో పార్కులో కేటాయించిన చోట్లే టెంట్ వేయాలి. పార్కు దాటాక స్వేచ్ఛ. బతికున్న చెట్టు కొమ్మ విరవకూడదు, కాబట్టి చలిమంట కలలు వద్దు. షెంగెన్ వీసాకు 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. అందులో చలికాలపు స్కీ ప్రయాణాన్ని మినహాయించారేమో చిన్న అక్షరాలు చదవండి. కొండల్లో గాలింపు బాధ్యత పోలీసులది, దానికి బిల్లు వేయరు. ఆసుపత్రి బిల్లు మాత్రం వేరే సంగతి.

హైదరాబాద్‌లో ఉండి ఏం ప్రాక్టీస్ చేయగలం?

చాలానే. నడుముకు పాత టైరు కట్టుకుని వాకింగ్ ట్రాక్ మీద లాగండి, జనం నవ్వితే నవ్వనివ్వండి. పుల్కా లాగే కండరాలు అవే. మేడ మీద టెంట్‌ను మిట్టెన్లతో, తర్వాత కళ్లకు గంతలతో వేయండి. పది నిమిషాల్లో వేయలేకపోతే ఇంకా టికెట్ బుక్ చేయకండి. అబిస్కోలో మొదటి రాత్రి టూరిస్ట్ స్టేషన్ దగ్గర, తలుపు తట్టగలిగేంత దూరంలో పడుకోండి. రాత్రి వణుకుతూ లేచారంటే, ఏది సరిపోలేదో తెలిసింది, అద్దె దుకాణం పక్కనే ఉంది.

వాతావరణం బాగోలేదని ఆగిపోతే తిరుగు టికెట్ డబ్బులు పోతాయి కదా?

పోతాయి. అందుకే నడకకు వేసుకున్న రోజులకు ఇంకో రెండు కలిపి సెలవు పెట్టండి, తేదీ మార్చుకోగలిగే టికెట్ కొనండి. నిక్కలూక్తా నుంచి కిరునాకు బస్సు రోజుకు ఎన్నిసార్లో ముందే చూసుకోండి. ఆఖరి బస్సు అందుకోవాలన్న తొందరలో కెబ్నెకైసె నుంచి ఆ చివరి 19 కి.మీ. గాలిలో బయల్దేరొద్దు.